నొక్కుల బట్టను చదును చేసి కొలవకండి

ప్రశ్న: అమ్మా, మాది కావలి. కాలు మిషన్ మీద జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. ఈ ఎండలకు నాకోసం మూడు స్టెప్పుల ఫ్రాక్ కుట్టుకుందామని చీరాల వెళ్లి 4 మీటర్ల క్రింకిల్ కాటన్ తెచ్చాను. ముడతల మీద కొలత సరిగ్గా రాదని ముందు బాగా ఇస్త్రీ చేసి కోశాను. ప్రతి స్టెప్పూ పైదానికి రెండింతలు ఉండాలని ఒక వీడియోలో చెప్పారు, అట్లాగే చేశాను. అడుగు స్టెప్పుకు వచ్చేసరికి బట్ట చాల్లేదు. నాలుగు పన్నాలే, అంటే బట్ట వెడల్పంత పట్టీలు నాలుగే వచ్చాయి, అక్కడ కుచ్చే లేదు. వేసుకుని బయటికొస్తే మా అత్త "ఏందే, నైటీతోనే బజారుకి బయల్దేరావా?" అనింది. ఒకసారి ఉతికాక పైభాగం చంకల దగ్గర బిగిసిపోయింది. కుట్లన్నీ అలలు అలలుగా ఉన్నాయి. నా ఛాతీ 34, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. తెలుపు మీద లేత నీలం గీతల సీర్‌సక్కర్ ఇంకో 3 మీటర్లు ఉంది. కోయాలంటే భయంగా ఉంది. అది సరిపోతుందా? పాడైన ఫ్రాక్‌ను ఏమన్నా చేయొచ్చా?

జవాబు:

ముందు ఒక మాట. మీ ఫ్రాక్ పాడవలేదు. దాన్ని బాగుచేసే బట్ట కూడా అందులోనే ఉంది, చివర్లో చెప్తాను. మీ చేతిపనిలో పెద్ద లోపం లేదు. లెక్క ఒకటి తప్పింది, కోసే ముందు ఇస్త్రీపెట్టె ఒకటి అడ్డొచ్చింది.

ఇస్త్రీ సంగతి ముందు చూద్దాం. నొక్కుల జుట్టు ఉన్న పిల్లకు తల తడిపి, చదునుగా దువ్వి, టేపు పెట్టి కత్తిరించారనుకోండి. ఆరాక ఏమవుతుంది? చెవుల మీదికి ఎగురుతుంది. ఫ్రాక్ పైభాగాన్ని యోక్ అంటాం, మీ యోక్‌కు జరిగింది అదే. 34 ఛాతీకి నాలుగు అంగుళాలు వదులు కలిపి 38 పెట్టి ఉంటారు, అది సరైన కొలతే. కానీ ఆ 38 ఇస్త్రీ చేసిన బట్ట మీద కొలిచింది. ఉతికితే నొక్కులు తిరిగొచ్చాయి, పైగా కొత్త కాటన్ కాబట్టి కొంచెం ముడుచుకుంది. వందకు ఎనిమిది చొప్పున తగ్గిందనుకున్నా 38 కాస్తా 35 అవుతుంది. 34 ఛాతీ మీద 35 అంటే చేయి పైకెత్తలేరు.

ఇది నేనూ చేసిన తప్పే కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ఒంగోల్లో మా ఇంట్లోనే నలుగురికి మిషను నేర్పే రోజుల్లో మా అక్క కూతురికి ఇట్లాంటి బట్టతోనే గౌను కుట్టాను. ఇస్త్రీ మడత నలగకుండా కోశాను, ఎంత చక్కగా కోశానో అని మురిసిపోయాను కూడా. రెండో ఉతుక్కి ఆ గౌను వాళ్ల చెల్లెలికి పోయింది.

నొక్కుల బట్టలన్నీ ఒకటి కావు, అది తెలుసుకుంటే సగం భయం పోతుంది. మీ దగ్గరున్న సీర్‌సక్కర్‌లో నొక్కులు నేతలోనే పుడతాయి. పడుగును, అంటే నిలువు పోగులను, రెండు భాగాలుగా వేరువేరు రోలర్ల మీద చుట్టి, ఒకదాన్ని బిగువుగా, రెండోదాన్ని వదులుగా వదులుతూ నేస్తారు. బిగువు పోగులున్న చోట చదునైన గీత, వదులు పోగులున్న చోట ఉబ్బిన గీత వస్తాయి. అందుకే ఆ ఉబ్బులు ఎప్పుడూ బట్ట పొడవునా వరసలుగా ఉంటాయి. ఎన్ని ఉతుకులు ఉతికినా పోవు. ఆ పేరు పారసీ మాట 'షీర్ ఓ షకర్' నుంచి వచ్చింది. పాలూ పంచదారా అని. ఒక గీత పాలలా నున్నగా, పక్క గీత పంచదారలా గరుగ్గా.

క్రింకిల్ అని అమ్మేవాటిలో రెండు రకాలు ఉంటాయి. బాగా మెలిపెట్టిన నూలుతో నేసింది ఒకటి. నీళ్లు తగలగానే ఆ మెలి బిగుసుకుని బట్ట మొత్తం ముడుచుకుంటుంది. రెండోది మామూలు కాటన్‌ను తడిపి, మెలిపెట్టి, ఆరబెట్టి ముడతలు తెచ్చింది. ఇది నాలుగు ఉతుకులకే చదునైపోతుంది. కొట్టాయన రెంటినీ ఒకే పేరుతో అమ్ముతాడు. మీది ఇస్త్రీ చేశాక కూడా నొక్కులు తిరిగొచ్చింది కాబట్టి మొదటి రకమే అయ్యుండాలి, మంచి బట్టే తెచ్చుకున్నారు. మళ్లీ కొనేటప్పుడు మీటరు మొత్తం తీసుకునే ముందు బెత్తెడు ముక్క అడిగి తెచ్చుకుని తడిపి ఆరేసి చూడండి. అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లకు చూపించండి. కాగితంలా కాలి బూడిద రాలితే కాటన్. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్ కలిసిందని అర్థం. మన వైపు మే నెలలో సముద్రపు గాలి తిరిగేదాకా చెమటతో తడిసి కూర్చునే ఊళ్లో పాలిస్టర్ క్రింకిల్ వద్దు. నొక్కుల బట్ట ఎండాకాలం హాయిగా ఉండేదే వీపుకి పూర్తిగా అంటుకోదు కాబట్టి. ఉబ్బులు ఒంటికి తగిలీ తగలకుండా మధ్యలో గాలి ఆడనిస్తాయి. పాలిస్టర్ అయితే గాలి ఆడినా చెమట పీల్చదు.

ఇప్పుడు రెండింతల లెక్క. ఆ వీడియో ఆమె చెప్పింది పల్చటి వాయిల్‌కో, పిల్లల గౌనుకో సరిపోవచ్చు. పెద్దవాళ్లకు మూడు స్టెప్పులూ రెండింతలు పెడితే ఏమవుతుందో కాగితం మీద వేసి చూడండి. యోక్ 38. మొదటి స్టెప్పు 76. రెండోది 152. మూడోది 304 అంగుళాలు! అంటే 25 అడుగులు దాటింది. 44 అంగుళాల పన్నాలో అడుగు స్టెప్పుకే ఏడు పన్నాలు. మీకు నాలుగే మిగిలాయి, అంటే సుమారు 168 అంగుళాలు. 152 మీద 168 కుడితే కుచ్చు ఎక్కడిది?

నైటీ పోలిక ఎందుకొచ్చిందో కూడా ఇక్కడే ఉంది. నైటీని ఒకసారి గుర్తు చేసుకోండి. యోక్ కింద నుంచే గుత్తంగా కుచ్చు, అక్కణ్ణుంచి పాదాల దాకా ఒకటే వెడల్పు. స్టెప్పుల ఫ్రాక్ అందం దానికి సరిగ్గా వ్యతిరేకం. పైన తక్కువ కుచ్చు, కిందికి పోయేకొద్దీ నెమ్మదిగా విచ్చుకోవాలి. మీదాంట్లో పైన గుత్తంగా ఉంది, కింద చదునుగా ఉంది. మీ అత్తగారు కొంచెం కటువుగా అన్నా, చూపు మాత్రం తప్పలేదు.

నొక్కుల బట్టకు సగం కుచ్చు పుట్టుకతోనే ఉంది. మనం దాని మీద మళ్లీ రెండింతలు పెడితే కుచ్చు మీద కుచ్చు. ఇలాంటి బట్టకు ఒకటిన్నర రెట్లు చాలు. 38 యోక్‌కు మొదటి స్టెప్పు 57, రెండోది 85, మూడోది 128, ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

స్టెప్పుల ఎత్తు మీరు రాయలేదు. మూడూ ఒకే ఎత్తు కోసి ఉంటారని నా అనుమానం, ఎందుకంటే అందరూ అట్లాగే కోస్తారు. మీ ఎత్తుకు మూడు సమానంగా ఉంటే మనిషిని మూడు ముక్కలు చేసినట్టు కనిపిస్తుంది. పైది పొట్టిగా, కిందికి వచ్చేకొద్దీ పొడవుగా ఉండాలి. మీకు నేనైతే యోక్ 14 అంగుళాలు, స్టెప్పులు 9, 10, 12 పెడతాను. మొత్తం 45, పిక్కల దాకా వస్తుంది.

ఇక మీ సీర్‌సక్కర్ దగ్గరికి వద్దాం. 3 మీటర్లు సరిపోతుందా అని అడిగారు. సరిపోతుంది, కానీ బొటాబొటిగా. 3 మీటర్లంటే 118 అంగుళాలు. ఉతికాక వందకు అయిదు తగ్గిందనుకుంటే 112 మిగులుతుంది, పన్నా 44 నుంచి 42కి వస్తుంది. కుట్టుకు అన్ని వైపులా అర అంగుళం, అడుగున మడతకు ఒకటిన్నర వదిలితే స్టెప్పులు కోయాల్సిన ఎత్తులు 10, 11, 14 అవుతాయి. మొదటి స్టెప్పుకు ఒకటిన్నర పన్నా కావాలి కాబట్టి రెండు పన్నాలు తీయాలి, 20 అంగుళాల బట్ట. రెండోదానికి రెండు పన్నాలు, 22. మూడోదానికి మూడు పన్నాలు, 42. యోక్ ముందు వెనక ఒక్కోటి 20 వెడల్పు కాబట్టి పక్కపక్కనే ఒకే పన్నాలో పడతాయి, 15 అంగుళాలు చాలు. పొట్టి చేతులకూ, మెడ చుట్టూ ఏటవాలుగా కోసి వేసే క్రాస్ పీస్‌కూ ఇంకో 10. అన్నీ కలిపితే 109. మీకు మిగిలేది మూడు అంగుళాలు! తప్పు కోయడానికి చోటు లేదు. అందుకని ముందు యోక్‌ను పాత దుప్పటి ముక్క మీద కోసి, టాకాలు వేసి, వేసుకుని చూసుకోండి. ఇంకోసారి కొనేటప్పుడు మాత్రం మూడుంపావు మీటర్లు తీసుకోండి, ప్రాణానికి హాయిగా ఉంటుంది. క్రింకిల్ అయితే మూడున్నర.

ఈ లెక్కలో నేను వందకు అయిదు అనుకున్నాను, మీ బట్ట ఎంత తగ్గుతుందో మీరే చూసుకోవాలి. బట్ట మూలలో సబ్బు ముక్కతో కాదు, దారంతో 10 అంగుళాల చదరం కుట్టి గుర్తు పెట్టండి. మొత్తం బట్టను బకెట్లో పూట నానబెట్టి, జాడించి, పిండకుండా తీయండి. తడి నొక్కుల బట్టను దండెం మీద వేలాడేస్తే దాని బరువుకే అది సాగుతుంది. నవారు మంచం మీద పాత చీర పరిచి, దాని మీద నీడపట్టున ఆరేయండి. ఆరాక ఆ చదరం కొలిస్తే తొమ్మిదిన్నర ఉందో, తొమ్మిదింపావు ఉందో తెలిసిపోతుంది. ఒక్క ఉతుకుతో ఆగకండి, రెండుసార్లు చేయండి. మీ ఇంట్లో బోరు నీళ్లయితే ఉప్పుకు బట్ట బిరుసెక్కుతుంది. ఒంగోలు చుట్టుపక్కల సబ్బు నురగ రాని నీళ్లు ఎన్ని చోట్లో నాకు తెలుసు. ఈ ఒక్క జాడింపుకైనా మంచినీళ్లు ఒక బిందె వాడండి. గంజి మాత్రం పెట్టొద్దు. గంజి పెడితే ఉబ్బులు అణిగిపోతాయి.

ఆరిన బట్టను కోయడానికి పరిచేటప్పుడు చేత్తో లాగి సాపు చేయాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. రెండు మూలలు పట్టుకుని ఒకసారి విదిలించి, అది ఎట్లా పడుకుంటే అట్లాగే వదలండి. కదలకుండా చుట్టూ స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసి పెట్టండి, తూకపు రాళ్లున్నా సరే. గీయడానికి సుద్ద ఈ బట్ట మీద ఎగిరెగిరి పడుతుంది. అరిగిపోయిన సబ్బు బిళ్ల అంచు బాగా పనిచేస్తుంది, ఉతికితే పోతుంది కూడా. స్టెప్పుల పట్టీలకు అసలు గీతే అక్కర్లేదు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి ఒక పేక పోగు, అంటే అడ్డం పోగు, పట్టుకుని నెమ్మదిగా లాగితే అడ్డంగా సన్నని దారి పడుతుంది. ఆ దారి వెంబడే కత్తెర నడిపించండి. పట్టీలను చింపొద్దు. జాకెట్ గుడ్డ చింపినట్టు చింపితే అంచు మొత్తం సాగి, ఆ సాగుడే తర్వాత అలలై కూర్చుంటుంది.

అతుకులు తప్పించుకోడానికి అడుగు స్టెప్పును బట్ట పొడవునా కోద్దామా అని ఎవరైనా చెప్పొచ్చు. మూడు మీటర్ల పట్టీ ఒకే ముక్కగా వస్తుంది, నిజమే. కానీ ఉబ్బు గీతలు అడ్డం తిరుగుతాయి. గీతలు నిలువుగా ఉంటే మనిషి సన్నగా కనపడుతుంది, కుచ్చు కూడా ఆ గీతల వెంబడి బుద్ధిగా పడుతుంది. మెలినూలు క్రింకిల్ అయితే ఇంకో కష్టం కూడా ఉంది. అది ముడతలకు అడ్డంగా సాగుతుంది. పట్టీ పొడవునా కోస్తే ఆ సాగుడు కిందికి తిరిగి, దాని బరువుకు అదే దిగిపోతుంది. పొద్దున మోకాలి దగ్గరున్న అంచు సాయంత్రానికి పిక్క దగ్గరికి వస్తుంది. రెండు అతుకులు ఎక్కువైనా ఫర్వాలేదు, పన్నా అడ్డంగానే కోయండి.

కుట్లు అలలు అలలుగా వచ్చాయన్నారు. కాలు మిషన్ మీద నొక్కుల బట్టకు ఇది మామూలే. మీ మిషన్ తల మీద, సూది దగ్గర బట్టను నొక్కిపట్టే పాదం కడ్డీకి సరిగ్గా పైన ఒక స్క్రూ ఉంటుంది. జాకెట్లు కుట్టేవాళ్లు దాని జోలికి సాధారణంగా పోరు. అది పాదం ఎంత గట్టిగా నొక్కాలో చెప్పే స్క్రూ. దాన్ని రెండు చుట్లు వదులు చేయండి. పాదం గట్టిగా నొక్కితే పై బట్ట వెనకబడుతుంది, కింది బట్టను మిషన్ పళ్లు ముందుకు లాక్కుపోతాయి, ఉబ్బులు చదునై సాగిపోతాయి. తర్వాత పై దారం టెన్షన్ కొద్దిగా తగ్గించండి. కుట్టు కొంచెం పెద్దది పెట్టండి, అంగుళానికి తొమ్మిది పది కుట్లు పడేటట్టు. సూది 14 నంబరు, కొత్తది. జాకెట్లు కుట్టి కుట్టి మొండిబారిన సూది ఈ బట్టలో పోగులు లాగేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, వెనక నుంచి ఎడమచేత్తో బట్ట లాగే అలవాటు ఉంటే ఈ ఒక్క ఫ్రాక్‌కు మానేయండి. ఇన్ని చేసినా అల వస్తుంటే కింద పల్చటి తెల్ల కాగితం పట్టీ పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. దినపత్రిక మాత్రం పెట్టకండి, తెలుపు మీద సిరా అంటుతుంది. చేసిన దాన్నే చెప్తున్నాను.

మొదట ఒక జానెడంత పీలికలు రెండు తీసుకుని వాటి మీద కుట్టి చూసుకోండి. ఆ కుట్టు సాపుగా పడ్డాకే అసలు బట్ట ముట్టుకోండి.

కుట్టే వరస ఇది. ఏ స్టెప్పు పన్నాలు ఆ స్టెప్పుకు కలిపి గుండ్రంగా చేసుకోండి. మొదటి స్టెప్పు ఒక నిండు పన్నా, ఇంకోటి 17 అంగుళాలకు కోసింది కలిపితే రెండు అతుకులు పోను 57 వస్తుంది. కోయగా మిగిలిన ముక్క జేబులకు దాచుకోండి. రెండోది 82 వస్తుంది, మూడోది 123. నేను ముందు చెప్పిన 85, 128 కంటే కొద్దిగా తక్కువే, కానీ పన్నాలను నరకకుండా వచ్చేదాంతో సరిపెట్టుకోవడమే తెలివి.

అడుగు స్టెప్పు కింది అంచును కుచ్చు పెట్టకముందే మడిచి కుట్టేయండి. ఫ్రాక్ మొత్తం అయ్యాక ఆ బరువంతా ఒళ్లో వేసుకుని మడత కుట్టడం కంటే, పట్టీగా ఉన్నప్పుడు కుట్టడం ఎంతో సుళువు. పొడవు అనుమానం ఉంటే యోక్ దగ్గర సరిచేసుకోవచ్చు.

కుచ్చుకు రెండు వరసలు కావాలి, ఒక్కటి కాదు. మిషన్‌లో అన్నిటికంటే పెద్ద కుట్టు పెట్టి, అంచు నుంచి పావు అంగుళం దగ్గర ఒకటి, ముప్పావు అంగుళం దగ్గర ఇంకోటి వేయండి. అసలు కుట్టు ఆ రెంటి మధ్యలో అర అంగుళం దగ్గర పడుతుంది. కుచ్చు కదలదు. తర్వాత కింది వరస విప్పేయండి. బాబిన్‌లో వేరే రంగు దారం, ఎరుపో ఆకుపచ్చో వేసుకుంటే లాగేటప్పుడు ఏది లాగాలో వెతుక్కోనక్కర్లేదు. ఆ 123 అంగుళాల పట్టీని ఒకే దారం మీద లాగాలని చూడకండి. సగం దాకా వచ్చి తెగుతుంది, మీరు ఏడుపు మొహం పెడతారు. ప్రతి అతుకు దగ్గరా దారం ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

కుచ్చు ఒకచోట గుత్తంగా, ఒకచోట పల్చగా పడకుండా పై స్టెప్పు కింది అంచును ఎనిమిది సమాన భాగాలు చేసి కత్తెర గాట్లు పెట్టండి. కింది స్టెప్పు పై అంచును కూడా ఎనిమిది చేయండి. గాటుకు గాటు కలిపి గుండుసూది గుచ్చాక ఒక్కో భాగాన్నీ విడిగా లాగి సర్దుకోండి. పదహారు చేస్తే ఇంకా బాగుంటుంది, ఓపికుంటే. కుట్టేటప్పుడు కుచ్చు ఉన్న వైపు పైకి, కంటికి కనిపించేటట్టు పెట్టుకోండి. సూది ముందు ఒక టాకా సూదో, పుల్లో పెట్టి మడతలు నిలువుగా సర్దుతూ పోండి.

యోక్‌కు మొదటి స్టెప్పు కలిపే చోట, రెండు భుజాల కుట్ల దగ్గరా సన్నని కాటన్ నాడా కలిపి కుట్టండి. ఫ్రాక్ బరువంతా వేలాడేది అక్కణ్ణుంచే. కాటన్ ఫ్రాక్ ఆరితే తేలికే కానీ, చెమటకో వానకో తడిస్తే యోక్‌ను కిందికి ఈడుస్తుంది. నాడాను ముందే తడిపి ఆరబెట్టండి, లేకపోతే అది ముడుచుకుని యోక్‌ను పట్టి గుంజుతుంది. మెడ మీ తల పట్టేంత ఉండాలని మర్చిపోకండి. జిప్పు లేదు కదా. తల చుట్టూ టేపు పెట్టి చూడండి. మెడ దానికంటే చిన్నదిగా కావాలంటే వెనక నాలుగంగుళాల చీలిక పెట్టి ఒక గుండీ వేస్తే చాలు.

లోపలి కుచ్చు కుట్లు ఓవర్‌లాక్ చేయించండి, బజార్లో పీకో వేసే చోట చేస్తారు. అట్లాగే వదిలేస్తే పోగులు ఊడటం ఒక బాధ, నడుం దగ్గర గీరుకోవడం ఇంకో బాధ. చెమటకాయలున్న ఒంటికి ఆ గీరుడు భరించలేం. ఆ అంచును పైకి, అంటే పై స్టెప్పు వైపుకు వాల్చి పైనుంచి ఒక సన్న కుట్టు వేస్తే ఒంటికి తగలదు.

తెలుపు మీద లేత నీలం కాబట్టి ఎండలో పారదర్శకంగా కనిపిస్తుంది. మొత్తానికి లైనింగ్ వేయకండి, అంత శ్రమపడి గాలాడే బట్ట తెచ్చి లోపల ఇంకో బట్టతో మూయడం ఎందుకు? యోక్‌కు మాత్రం పల్చటి మల్‌మల్ వేసి, కింద లోపావడా కట్టుకోండి. మల్‌మల్ కూడా ముందే ఉతకాలి.

ఇప్పుడు పాత ఫ్రాక్. ఒక సాయంత్రం కూర్చుని రెండు కుట్లు మొత్తంగా విప్పండి, యోక్‌కూ మొదటి స్టెప్పుకూ మధ్యది, రెండో స్టెప్పుకూ అడుగు స్టెప్పుకూ మధ్యది. రెండో స్టెప్పు 152 అన్నాం, అది నాలుగు ముక్కలు. అందులో ఒక ముక్క ఊడదీసి మిగతా మూడు మళ్లీ కలపండి. అందుకోసం మొదటి స్టెప్పుతో ఉన్న కుట్టు కూడా విప్పక తప్పదు, అంటే మూడు కుట్లు. ఏం చేస్తాం. ఇప్పుడు రెండో స్టెప్పు 114 అయింది. మొదటి స్టెప్పు 76కి అది సరిగ్గా ఒకటిన్నర. అడుగున ఉన్న 168, ఈ 114కి దాదాపు ఒకటిన్నర. ఉతికాక అన్నీ కొంచెం తగ్గి ఉంటాయి కానీ అన్నీ ఒకే పాళ్లలో తగ్గాయి కాబట్టి లెక్క చెడదు. కొత్త బట్ట అంగుళం కూడా కొనకుండా అడుగున కుచ్చు వచ్చేసింది.

ఊడదీసిన ముక్క పారేయకండి, అది యోక్‌కు కావాలి. దాన్నుంచి మూడంగుళాల వెడల్పు, ఏడంగుళాల పొడవు పట్టీలు రెండు కోయండి. ఈసారి ఇస్త్రీ చేయకుండా! నొక్కులు యోక్‌లో ఎటు నడుస్తున్నాయో పట్టీలోనూ అటే నడవాలి. యోక్ పక్క కుట్లు చంక దాకా విప్పి, రెండు పక్కలా ఈ పట్టీలు అతికితే ఒక్కో పక్కా రెండంగుళాలు కలుస్తాయి. 35 కాస్తా 39 అవుతుంది. చంక దగ్గర పట్టీని కొద్దిగా సన్నం చేయండి, లేకపోతే చంక వదులై లోపల బనీను కనిపిస్తుంది. మీ చేతులు చంక కింద దాకా కుట్టి ఉంటే అక్కడ కూడా అంగుళం మేర విప్పాల్సొస్తుంది. పట్టీ వేరుగా కనిపిస్తుందేమో అని దిగులు వద్దు, నొక్కుల బట్టలో అతుకు కనపడదు, అదొక్కటి దీని సుగుణం. యోక్ పెరిగింది కాబట్టి మొదటి స్టెప్పు కుచ్చు దానంతట అదే కొంత పలచబడుతుంది.

విప్పేటప్పుడు బ్లేడు వాడకండి. కుట్టు విప్పే చిన్న కొక్కెం బజార్లో తక్కువ ధరకే దొరుకుతుంది. నాలుగు కుట్లకొకటి తెంచి, వెనక వైపు దారం లాగితే పట్టీ పట్టీగా వచ్చేస్తుంది.

రెండు పట్టీలూ పోయాక కూడా ఆ ముక్కలో ముప్పై అంగుళాల పైగా మిగులుతుంది. రెండు జేబులకు సరిపోతుంది. జేబు నోరు మొదటి స్టెప్పు పక్క కుట్టులో, యోక్ కుట్టుకు రెండంగుళాల కింద మొదలవ్వాలి, అయిదున్నర అంగుళాలు తెరిచి ఉండాలి. సంచీని మొదటి స్టెప్పు ఎత్తులోనే ఆపకుండా రెండో స్టెప్పులోకి వేలాడనివ్వండి, పై అంచును మాత్రం యోక్ కుట్టులో కలిపి పట్టించండి. లేకపోతే ఫోను వేసిన రోజు ఆ పక్క స్టెప్పు ఒకటే కిందికి జారుతుంది.